ఓడ ఎక్కని గిన్నెలు

చెన్నై వెళ్లొచ్చానంటే మా తిరువూరులో అందరూ ముందుగా అడిగేది సముద్రం గురించే. చూడలేదంటే నమ్మరు. నేను వెళ్లింది సముద్రం మీద సరుకు పంపడానికి. అయినా సముద్రం చూడలేదు, ఓడ చూడలేదు. చూసిందల్లా ఒక పెద్ద రేకుల షెడ్డు, అందులో సిమెంటు నేల, ఆ నేల మీద వరసగా మా గిన్నెలు.

విదేశాల్లో ఉన్న తమవాళ్లకు సామాను పంపాలనుకునేవాళ్లు మా చుట్టుపక్కల ఇప్పుడు చాలామంది ఉన్నారు. ఆ దారిలో ఏముంటుందో చూసి వచ్చి చెప్పినవాళ్లు మాత్రం నాకు ఒక్కరూ దొరకలేదు. అందుకని రాస్తున్నాను. చదివాక ఎవరికైనా ధైర్యం వస్తుందని మాట ఇవ్వలేను.

తిరువూరు: మూతలకు టేపు

నా బడి చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోయింది. ఆ తర్వాత చదివిందంతా మా ఊరి శాఖా గ్రంథాలయంలోనే. బస్టాండు వెనక వీధిలో కుట్టుమిషను పెట్టుకున్నాను. మధ్యాహ్నం గిరాకీ లేని వేళ గ్రంథాలయంలో కూర్చుంటాను. వ్యవసాయం, నక్షత్రాలు, రాజుల చరిత్ర, హోమియో వైద్యం, ఏది దొరికితే అది చదువుతాను. మా వీధిలో డిగ్రీలు చదివినవాళ్ల పుస్తకాలూ నేను చదివినవీ పక్కపక్కన దొంతర పెడితే ఏది ఎత్తుగా ఉంటుందో నాకు తెలుసు. ఆ గర్వం నాకుంది, దాచుకోను.

మా చెల్లెలు పద్మ చాలా ఏళ్లుగా మస్కట్‌లో ఇళ్లలో వంట చేస్తోంది. ఒకరి వంటింట్లోంచి ఇంకొకరి వంటింట్లోకి మారడమే తప్ప తనదంటూ ఒక గది లేదు. ఈ ఏడు ఒక అవకాశం వచ్చింది. మనవాళ్లు ఎక్కువగా ఉండే సందులో అక్కడి ఆసామి ఒకాయన ఒక షట్టరు గది ఇస్తానన్నాడు. షాపు తెరిస్తే షాపు పేరు మీదే వీసా మారుస్తానని కూడా అన్నాడు. షరతు ఒకటే. షాపు తెరిచే నెల మొదటి తారీఖుకల్లా అరలు నిండాలి. ఖాళీ షాపు చూపించి వీసా అడగలేనని, నిండకపోతే గది ఇంకొకరికి ఇచ్చేస్తానని ముందే చెప్పాడు.

"జంతికల గొట్టం ఒకటుంటే పది ఇళ్లు తిరుగుతోందక్కా ఇక్కడ," అని పద్మ ఫోన్లో నవ్వింది. "నువ్వు పంపు, నేను అమ్ముతాను."

తను దాచుకున్నదంతా ఆ సరుకులోకే వెళ్లింది. స్టీలు గిన్నెలు, బిందెలు, ఇడ్లీ పాత్రలు, కాఫీ ఫిల్టర్లు, బూరెల మూకుళ్లు, జంతికల గొట్టాలు, కొబ్బరి కోరాలు, జల్లెడలు, గాజులు, చీర ఫాల్సులు. నైటీలు, లంగాలు నేనూ, నా దగ్గర కుట్టు నేర్చుకున్న వినగడప, పెనుగొలను ఊళ్ల ఆడవాళ్లూ కలిసి కుట్టాం.

ఓడ సరుకు గురించి దొరికినంత చదివాను. పెద్ద వ్యాపారులు ఇనుప పెట్టె మొత్తం, అంటే కంటైనరు మొత్తం, తామే తీసుకుంటారు. మా లాంటివాళ్లం పదిమందిమి కలిసి ఒక కంటైనరులో చోటు పంచుకుంటాం. మన షేర్ ఆటో లాంటిదే. అందరూ ఎక్కితేనే కదులుతుంది. ఒకరి మూట కారితే పక్కవాడి బట్టలు పాడవుతాయి. లోకంలో అమ్ముడయ్యే ప్రతి వస్తువుకూ ఒక అంకె ఉంటుందని, ఆ అంకె వేసి కాగితం మీద రాయనిదేదీ సరిహద్దు దాటకూడదని కూడా చదివాను. అందుకే చీపుర్లు పక్కన పెట్టాను, అవి మొక్కల సరుకు. చెక్క చపాతీ పీటలు పక్కన పెట్టాను. నెమలి అనే ఊరి నుంచి మా పెద్దమ్మ మోసుకొచ్చిన ఆవకాయ జాడీని కూడా పక్కన పెట్టాను.

"ఆవకాయ పంపనంటావేంటే? అదేమన్నా బాంబా?"

"నూనె కారుద్ది పెద్దమ్మా. పైగా తినే వస్తువుకు వేరే కాగితాలు కావాలి."

"ఆ కాగితాలే నంజుకు తినమను దాన్ని," అని పెద్దమ్మ జాడీ తీసుకుని అటు తిరిగి కూర్చుంది.

గిన్నెలు సర్దే రోజున ఆవిడే మళ్లీ ఇటు తిరిగింది. బేసిను నిండా బియ్యం పోసి, పసుపు కలిపి ముందు పెట్టుకుంది. మన ఇళ్లలో ఖాళీ గిన్నె గడప దాటదు. పక్కింటి గిన్నె తిరిగిచ్చేటప్పుడు చిటికెడు పంచదారైనా వేసి ఇస్తాం. ఇక కొత్త షాపుకి, కొత్త బతుక్కి వెళ్లే గిన్నెలు ఖాళీగా ఎలా పోతాయి? పెద్దమ్మ ఒక్కో గిన్నెలో గుప్పెడు బియ్యం, ఒక పసుపు కొమ్ము వేసి మూత పెట్టింది. కుట్టు ఆడవాళ్లు కూడా వచ్చి తలో గుప్పెడు వేశారు. పెనుగొలను ఆవిడ తన ఇంటి నుంచి పాత బియ్యం తెచ్చింది, పాత బియ్యమైతే ఇంకా మంచిదని. నేనూ వేశాను. ఒలకకుండా ప్రతి మూతకూ చుట్టూ టేపు వేసింది నేనే. గిన్నెలో గిన్నె, బిందెలో గిన్నె పెట్టి చోటు మిగిల్చిందీ నేనే.

చీపురును పసిగట్టిన నా చదువుకు ఈ గుప్పెళ్లు కనిపించలేదు. అది బియ్యమని నాకు తట్టనే లేదు.

మైలవరం మీదుగా

సరుకును విజయవాడలో ఏజెంటుకు అప్పగిస్తే వాళ్లే చెన్నై చేరుస్తారు. సరుకుతో పాటు నేనే వెళ్తానని పట్టుబట్టాను. సగం జాగ్రత్త కోసం, సగం ఓడను చూడాలన్న ఆశ కోసం. మా వీధి సాంబయ్య బాబాయికి మినీ లారీ ఉంది. ఆయన పక్కన కాబిన్‌లో కూర్చుని బయలుదేరాను.

ఎ.కొండూరు దాటాం. మైలవరంలో టీకి ఆగాం. టీ పదిహేను రూపాయలు. మా బస్టాండులో కంటే ఎక్కువే, గ్లాసు మాత్రం చిన్నది.

"నీకు తెల్దు గానీ అమ్మాయ్, ఎనక పెట్టెలు ఒక్కటీ చప్పుడు చెయ్యట్లేదు," అన్నాడు బాబాయి. "స్టీలు సామానేస్తే ఊరంతా మోగుద్ది మామూలుగా. బాగా సర్దావు."

ఆ మెప్పుకు పొంగిపోయాను. చప్పుడు లేకపోవడానికి కారణం బియ్యమేనని ఇద్దరిలో ఎవరికీ తోచలేదు.

విజయవాడ దాటాక చిలకలూరిపేట దారి. నేను మాటల్లో పడితే ఆగను. ఒంగోలు రాకముందు ఎడమవైపు సముద్రపు ఒడ్డున మోటుపల్లి ఉందని, ఒకప్పుడు అది గొప్ప రేవని బాబాయికి చెప్పాను. పూర్వం ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే ఆ సరుకంతా రాజులు లాగేసుకునేవాళ్లట. కాకతీయ రాజు ఒకాయన ఇక మీదట అలా జరగదని, సుంకం తప్ప ఏమీ తీసుకోమని, పరదేశి వర్తకులకు అభయమిచ్చి రాతి మీద చెక్కించాడు. ఏ సరుకుకు ఎంత సుంకమో కూడా అందులోనే ఉంది. చందనం, కర్పూరం, ముత్యాలు, దంతం, మిరియాలు.

"జంతికల గొట్టాలకెంత రాశాడు?" అని అడిగాడు బాబాయి.

నవ్వాను. ఆ నవ్వే ఈ ప్రయాణంలో ఆఖరిదని చెప్పాలి.

నెల్లూరు భోజనం

నెల్లూరులో హైవే పక్కన రాత్రి భోజనం. నూట నలభై రూపాయలు. అన్నం సన్నగా, పొడిపొడిగా ఉంది. పప్పులో మామిడికాయ వేశారు. పక్క బల్ల దగ్గర రొయ్యల వ్యాన్ల డ్రైవర్లు నలుగురు కూర్చుని ఒకరి ఫోనులో ఒకరు రేట్లు చూసుకుంటున్నారు. వడ్డించే ఆవిడ మేం ఎక్కడివాళ్లమని అడిగింది. తిరువూరు అంటే తిరుపతి దగ్గరా అంది. కాదు, కృష్ణా వైపు పైన, ఖమ్మం బోర్డరు దగ్గర అన్నాను.

"అంత దూరం నుంచొచ్చి ఏం తీసకపోతుండారు?"

"గిన్నెలండి. మస్కట్‌కి."

"ఆడ గిన్నెలు దొరకవా?"

"మన గిన్నెలు దొరకవు."

ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి ఇంకో గరిటె పప్పు వేసింది. దానికి డబ్బులు అడగలేదు.

చేతులు కడుక్కునే దగ్గర కళ్లద్దాలు గట్టు మీద పెట్టి, మళ్లీ తీసుకుంటూ జారవిడిచాను. ఒక కాడ ఊడిపోయింది. సంచిలో ఉన్న నల్ల దారంతో కట్టుకున్నాను. కుట్టుపని వచ్చినందుకు ఆ మాత్రం ప్రయోజనం దక్కింది.

తడ తర్వాత

లారీలోనే కాసేపు కునుకు తీసి, తెల్లవారేసరికి తడ దాటాం. అక్కడి నుంచి బోర్డుల మీద అక్షరాలు మారిపోతాయి. నాకు అక్షరం అంటే అన్నం. రోడ్డు పక్కన గోడ మీద రాసిన ఎరువుల ప్రకటన కూడా వదలకుండా చదివేదాన్ని. తమిళనాడులోకి వచ్చాక ఒక్క ముక్క చదవలేకపోయాను. ఇన్నేళ్లు నేను గుట్టగా పోసుకున్నదంతా ఒక చెక్‌పోస్టు ఇవతలే ఆగిపోయినట్టనిపించింది. ఎవరికీ చెప్పుకోలేని దిగులు అది. బాబాయి బొమ్మలు చూసి దారి పట్టుకున్నాడు. చేప బొమ్మ ఉన్న హోటలు దగ్గర కుడివైపు, టైరు బొమ్మ ఉన్న దగ్గర తిన్నగా.

మాధవరం అవతల

కంటైనర్లలో సరుకు నింపే గోదాములు రేవు దగ్గర ఉంటాయనుకున్నాను. మమ్మల్ని రమ్మన్నది ఊరికి ఉత్తరాన, మాధవరం అవతల. సముద్రం ఎటు వైపుందో కూడా తెలియదు. రోడ్డు పొడవునా లారీలు నిలబడి ఉన్నాయి. లోపల కంటైనర్లు ఒకదాని మీద ఒకటి, అగ్గిపెట్టెలు పేర్చినట్టు. గాలిలో డీజిలు వాసన, దాని వెనక ఎక్కడో ఎండుచేపల వాసన.

గేటు ముందు ఒక పెద్దావిడ నీళ్లు చల్లి ముగ్గు వేస్తోంది. మన దగ్గర సున్నపురాయి ముగ్గు వాడతాం. ఇక్కడ బియ్యప్పిండితో వేస్తున్నారు. చీమలు బారులు తీరి వచ్చి తింటున్నాయి. లారీలన్నీ ఆ ముగ్గును తప్పించుకుని, ఒక పక్కగా తిరిగి లోపలికి వెళ్తున్నాయి.

టిఫిను బండి దగ్గర నాలుగు ఇడ్లీలు నలభై రూపాయలు. చట్నీ కావాలని అడిగితే ఇడ్లీల మీద సాంబారే పోశాడు. అల్లప్పచ్చడి అని బాబాయి చేతులతో చూపించాడు. బండి అతను ఇంకో గరిటె సాంబారు పోశాడు.

ఏజెంటు ఆఫీసు తరఫున మా పని చూసే అమ్మాయి పేరు సెల్వి. ముప్ఫయ్యేళ్లుంటాయి. వాళ్ల అవ్వ ఇంట్లో తెలుగే మాట్లాడేదట, అందుకని తెలుగు పార్టీలన్నిటినీ తనకే అప్పగిస్తారట.

"మీ కాగితాలు చాలా నీట్‌గా ఉండాయి మేడం," అంది. "ఎవరు చేసినారు?"

"నేనే."

"మీరు ఎక్స్‌పోర్ట్ చదివినారా?"

"లైబ్రరీలో చదివానమ్మా."

సెల్వి తలెత్తి నన్ను గౌరవంగా చూసింది. ఆ చూపు నాకు చాలా బావుంది. ఈరోజు సాయంత్రం కంటైనరు మూసేస్తారని, ఆ ఓడ అందితే పద్మకు సరుకు టైముకు చేరుతుందని చెప్పింది. కస్టమ్స్ సార్ వచ్చి రెండు పెట్టెలు తెరిచి చూసి సంతకం పెడతారని, అరగంట పని అని కూడా అంది.

మూత తీశారు

ఆ ఆఫీసరు కఠినమైన మనిషి కాదు. నెరిసిన జుట్టు, నుదుట విభూతి. ఒక పెట్టె చూపించి తెరవమన్నాడు. నైటీలు. రంగు బాగుందన్నాడు. ఇంకో పెట్టె చూపించాడు. బిందె. మూత కదపబోతే టేపు ఉంది. బ్లేడుతో కోశారు. బిందెలో గిన్నె, ఆ గిన్నెకు మళ్లీ టేపు. అదీ కోశారు.

లోపల పసుపు బియ్యం, మధ్యలో కొమ్ము.

ఆఫీసరు చాలాసేపు లోపలికి చూసి సెల్వితో తమిళంలో ఏదో అన్నాడు.

"ఇది ఏమని సార్ అడుగుతుండారు," అంది సెల్వి. తన గొంతు అప్పటికే మారిపోయింది.

"బియ్యం."

"దేనికి పెట్టినారు?"

"ఖాళీగా పంపకూడదని. మా వైపు పంపరండి."

సెల్వి తమిళంలో చెప్పింది. ఆఫీసరు తలూపాడు. వాళ్లింట్లో కూడా అంతేనని, అక్క పెళ్లయి పోయేటప్పుడు వాళ్లమ్మ పాత్రలో బియ్యం పోసే పంపిందని అన్నాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఆయన అంతటితో ఆగలేదు.

"పేపర్లో స్టీలు పాత్రలు అని మాత్రమే ఉందంటారు. బియ్యం వేరే సరుకు. పసుపు వేరే సరుకు. ఎన్ని గిన్నెల్లో ఉంది?"

"అన్నిట్లోనూ."

"విలువ ఎంత?"

"విలువ లేదండి. గుప్పెడే."

ఆయన ఈసారి నేరుగా నాతోనే ఇంగ్లీషులో చెప్పాడు, తర్వాత సెల్వి తెలుగు చేసింది. విలువ లేనిదాన్ని ఎవరూ సముద్రం దాటించరని.

"సార్‌తో చెప్పమ్మా, అది సరుకు కాదు. శుభానికి పెట్టింది."

సెల్వి చెప్పలేదు. నా చెయ్యి పట్టుకుని మెల్లగా అంది: "శుభానికి కోడు లేదు మేడం. ఏ నంబరు కింద రాసేది?"

ఇంతలో ఆ గిన్నె అంచు మీదకు ఒక చిన్న నల్లపురుగు ఎక్కింది. పెనుగొలను ఆవిడ తెచ్చిన పాత బియ్యంలోది. అంచు చుట్టూ సగం దూరం నడిచి, ఆగి, మళ్లీ లోపలికి దిగింది. ఆఫీసరు దాన్ని చూశాడు. సెల్వి చూసింది. నేనూ చూశాను. పక్కన అదే కంటైనరులోకి ఎక్కాల్సిన అప్పడాల పెట్టెలు, స్కూలు బ్యాగులు, చొక్కాల మూటలు ఉన్నాయి.

తీర్పు ఇది: గిన్నెలన్నీ తెరిచి, బియ్యం తీసేసి, తుడిచి, మళ్లీ చూపించాలి. కంటైనరు మూసేలోగా అయితే ఎక్కించొచ్చు. లేకపోతే పక్కన పెట్టాలి.

నేల మీద

షెడ్డులో సరుకు మోసే ఆడవాళ్లు ఐదుగురున్నారు. సెల్వి వాళ్లను పిలుచుకొచ్చింది. పెట్టెలన్నీ తెరిచి గిన్నెలు నేల మీద వరసగా పెట్టాం. మూత చుట్టూ టేపు గట్టిగా అంటుకుపోయింది. గోరుతో లాగితే ముక్కలుగా వస్తోంది. ఇంత జాగ్రత్తగా వేసిన నా చేతుల్ని నేనే తిట్టుకున్నాను.

వాళ్లలో మొదటి గిన్నె మూత తీసిన పెద్దావిడ బియ్యం చూసి ఆగిపోయింది. మిగతావాళ్లతో ఏదో అంది. వాళ్లంతా మూతలు తీసి గిన్నెలు చేతుల్లో పట్టుకుని అలాగే కూర్చున్నారు.

"ఏంటి, ఏమంటున్నారు?"

"నేల మీద పోయకూడదంటుండారు మేడం," అంది సెల్వి. "కాళ్లు తగులుతాయి కదా. మంచి సంచీ కావాలంటుండారు."

బాబాయికి సహనం పోయింది. "అమ్మాయ్, కుమ్మరించెయ్. తర్వాత ఊడ్చుకోవచ్చు. టైము లేదు."

"నువ్వు కుమ్మరించు బాబాయ్."

ఆయన ఒక బిందె తీసుకున్నాడు. నేల మీదకు వంచబోయాడు. చుట్టూ చెప్పుల గుర్తులు, డీజిలు మరకలు, ఎండిపోయిన పాన్ ఉమ్ములు. బిందెను మళ్లీ నిలబెట్టి కింద పెట్టేశాడు. లారీ దగ్గరికి వెళ్లి పట్టా కింద వెతికాడు. దొరికిన సంచీ సిమెంటుది. పెద్దావిడ అదీ వద్దంది. సెల్వి గేటు బయటి కిరాణా కొట్టుకు పరిగెత్తి ఉతికిన గోనెసంచి తెచ్చేసరికి ఎండ షెడ్డు అవతలి గోడ మీదకు ఎక్కింది.

ఆ తర్వాత వాళ్లు బాగానే పనిచేశారు. గుప్పెట్లతో తీశారు, ఒక్క గింజ కింద పడకుండా. ఇడ్లీ రేకుల చిల్లుల్లో గింజలు ఇరుక్కుంటే సూదులు అడిగి మరీ తీశారు. బిందె తర్వాత గిన్నె, గిన్నె తర్వాత ఇంకో గిన్నె. మధ్యలో పెద్దావిడ కొన్ని పసుపు కొమ్ములు విడిగా తీసి నా కొంగులో పోసింది. అవి పారెయ్యకూడదని సైగ చేసింది. ఆ మనిషి మీద కోపం తెచ్చుకుందామని చూశాను. రాలేదు. నేనైనా ఆ నేల మీద పోసేదాన్ని కాను. ఇక్కడి వాళ్ల భాష నాకు ఒక్క ముక్క రాదు, మేం నష్టపోవాల్సిన చోట మాత్రం ఒకళ్లనొకళ్లం పూర్తిగా అర్థం చేసుకున్నాం.

సగం కూడా కాలేదు. అవతల అప్పడాల పెట్టెలు ఎక్కాయి. స్కూలు బ్యాగులు ఎక్కాయి. చొక్కాల మూటలు ఎక్కాయి. మా కోసం వదిలిన మూల కాసేపు ఖాళీగా ఉంది. సెల్వి వెళ్లి సూపర్‌వైజరుతో మాట్లాడింది. అతను గడియారం చూపించాడు. తను మళ్లీ ఏదో అంది. అతను తల అడ్డంగా ఊపి, అక్కడున్న వేరేవాళ్ల ప్లాస్టిక్ కుర్చీలు ఆ మూలలో పేర్పించాడు.

తలుపులు వేసి, కడ్డీ దించి, దానికి చిన్న సీలు బిగించారు. బొటనవేలంత సీలు. ఇక అది మస్కట్ వైపు రేవులోనే తెగాలి.

నేను ఒక చేతిలో గిన్నె, ఇంకో చేతిలో మూత పట్టుకుని నిలబడి ఉన్నాను. ఎవరో నా చేతుల్లోంచి వాటిని తీసుకుని కింద పెట్టారు.

ఫోను

పద్మ నా ఫోను కోసమే చూస్తోంది. మొదటి రింగుకే ఎత్తింది.

"ఎక్కిందా అక్కా?"

చెప్పాను. దాచి చెప్పడం నాకు చేతకాలేదు. అవతల వాళ్ల వంటింట్లో ఏదో వేగుతున్న చప్పుడు వినిపిస్తోంది. అది ఆగింది.

"బియ్యమా? ఎవరేశారు?"

"పెద్దమ్మ మొదలుపెట్టింది. నేనూ వేశాను. టేపు వేసింది నేనే."

కాస్త కోపంగా ఏమైనా అంటుందని ఎదురుచూశాను. చదువుకున్నదానివి, నీకు తెలీదా అని ఒక్క మాట అన్నా బావుండేది. తలొంచుకుని వినేదాన్ని.

"నేనున్నా వేసేదాన్నే," అంది పద్మ.

మళ్లీ తనే, "ఆ గది ఆయన్ని అడిగి చూస్తాను. ఇంకో ఓడ దాకా ఆగుతాడేమో," అంది.

తర్వాతి ఓడ ఆశతో మిగతా గిన్నెలూ ఖాళీ చేయించి, ఆ రాత్రి గోదాము ఎదురుగా ఒక లాడ్జిలో ఉన్నాను. పొద్దున్నే పద్మే చేసింది. గొంతు మామూలుగా ఉంది. అంత మామూలుగా ఉండేసరికే నాకు అర్థమైపోయింది.

"ఆగనన్నాడక్కా. ఆయన తప్పేం లేదు, ముందే చెప్పాడుగా. మొబైల్ కవర్లు అమ్మేవాడు నిన్న సాయంత్రమే వచ్చి అరలు కొలుచుకుపోయాడంట."

"తర్వాతి ఓడకు పంపుతాను. సెల్వి కొత్త కాగితాలు చేస్తానంటోంది. ఇంకో గది దొరక్కపోద్దా?"

"ఎక్కడికి పంపుతావు? ఎవరి గుమ్మంలో దించమంటావు? గది లేకపోతే వీసా లేదు. నా పాత ఇంటి వీసా అయిపోతంది. డాక్టరు గారింట్లో వంటకి మనిషి కావాలన్నారు. రేపు వెళ్లి కనపడతాను. ఆరుగురంట. అత్తగారికి ఉప్పు లేకుండా విడిగా వండాలంట."

"మంచోళ్లేనా?"

"వండి పెడితే అందరూ మంచోళ్లేలే." మళ్లీ నవ్వడానికి చూసింది. "సామాను ఎనక్కి తీసుకుపో అక్కా. అక్కడ పడెయ్యకు."

తిరుగు సరుకు

బాబాయికి ఒంగోలు దాకా తిరుగు లోడు దొరికింది. నాకు కాబిన్‌లో చోటుంది గానీ పెట్టెలకు లేదు. వాటిని పార్సిలు లారీలో వేయడానికి సెల్వి నన్ను ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకు తీసుకెళ్లింది. రావలసిన పని లేకపోయినా తనూ వచ్చింది. దారిలో కాఫీ ఇప్పించింది. ఇత్తడి డబరాలో నురగతో వచ్చింది, ముప్ఫై రూపాయలు. మన ఊళ్లో ఇంత మంచి కాఫీ దొరకదు. నాలుకకు ఆ సంగతి తెలిసింది, అంతే.

"మేడం, ఇంతమంది పార్టీలను చూసినాను," అంది సెల్వి. "కొందరు బంగారం దాస్తారు, కొందరు సిగరెట్లు. శుభం దాచినవాళ్లను చూసేది ఇదే మొదలు."

"నేను దాచలేదమ్మా."

"తెలుసు మేడం. అదే కదా బాధ."

ట్రాన్స్‌పోర్టు ఆఫీసు గుమస్తా నెల్లూరువాడు. తెలుగు మాట వినగానే కుర్చీ లాగి కూర్చోమన్నాడు. లారీలోకి ఎక్కిస్తుంటే పెట్టెలు ఇప్పుడు గలగలమంటున్నాయి. ఆ చప్పుడు బయటి నుంచి మాకు వినిపిస్తూనే ఉంది. రసీదు పుస్తకం తీసి కార్బను పెట్టాడు.

"పంపేవాళ్ల పేరు?"

"అరుణ. తిరువూరు."

రాశాడు.

"చేరాల్సినవాళ్ల పేరు?"

ఇన్ని నెలలుగా ఏ కాగితం మీదైనా ఆ గడిలో నేను రాసింది ఒకటే పేరు. పద్మ పేరు, ఆ సందు పేరు, ఆ షట్టరు గది నంబరు. నోటి చివరిదాకా వచ్చింది. సెల్వి నా వైపు చూడకుండా రోడ్డు వైపు చూస్తోంది.

"నా పేరే రాయండి," అన్నాను.

"రెండు చోట్లా ఒకటే పేరా అమ్మా?"

"ఒకటేనండి."

ఒకటే అయితే మళ్లీ రాయడమెందుకనుకున్నాడేమో. పై గడిలో ఉన్నదే ఇక్కడా అన్నట్టు, మా పద్మ పేరుండాల్సిన చోట రెండు చిన్న గీతలు గీసి, కాగితం చింపి నా చేతిలో పెట్టాడు.